పెన్ను వెతికిన రోజు

పొందూరు ఖద్దరు కొట్టులో
డబ్బుల బల్ల వెనక నేను.
పన్నెండేళ్లుగా అదే కుర్చీ,
కుంటికాలి కింద అదే అట్టముక్క.

చిలకపాలెం నుంచి ఆటోలో వచ్చి దిగింది,
లోయిస్ అని పేరు, అమెరికా ఆవిడ.
వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతుంటే
వంగి వంగి చూసి
నాలుకతో తన పళ్లు తడుముకుంది.
పంచె ఒకటి తీసుకుంది, పెద్దంచుది.
ఎవరికో చెప్పలేదు. నేనూ అడగలేదు.

కార్డు ఇచ్చింది.
ఓ పక్కన చిటికెనవేలి గోరంత చిప్పు, బంగారు రంగు.
సిగ్నలు మా గుమ్మం దాకా వస్తుంది గానీ
చెప్పులిప్పి లోపలికి రాదు,
అందుకని మిషన్ని కిటికీ ఊచల్లోకి పెట్టి
కార్డు గుచ్చి
తల పక్కకి తిప్పుకున్నాను.
ఒకళ్లు పిన్ను నొక్కుతుంటే
గోడ మీద కేలండరు చూడ్డం మా మర్యాద.

మిషను పిన్నడగలేదు.
గిర్రుమని కాగితం కక్కింది,
అడుగున ఒక గీత.
సంతకమట!

పెన్నేదీ?
సొరుగులో రబ్బరు బ్యాండ్లు, చిల్లర,
రిబేటు ముద్ర, ఎండిపోయిన రీఫిళ్లు మూడు.
చివరికి ఫిర్యాదుల పుస్తకానికి
మా నూలుతోనే కట్టేసిన పెన్ను దొరికింది.
ఆ పుస్తకంలో ఎవరూ ఏమీ రాయలేదు గనక
సిరా నిండుగా ఉంది.

ఆవిడ నవ్వి ఒక కథ చెప్పింది.
సగం ఇంగ్లీషు నాకందింది,
మిగతా సగం చేతులు చెప్పాయి.
యూరప్‌లో ఏదో చిన్న స్టేషను, రాత్రి పది,
ప్లాట్‌ఫారం మీద మనిషన్నవాడు లేడు.
టికెట్ల మిషను నాలుగంకెలు అడిగింది.
ఈ కార్డుకి సంతకమే తెలుసు, అంకెలు తెలీవు.
సంతకం చేస్తానంది. ఎవరికి చేస్తుంది?
చూసే కన్ను ఒకటుండాలి కదా దానికి.
ఆఖరి బండి
ఆవిడ ముందే తలుపులు మూసుకుని పోయింది.

అంతలో అసిరమ్మొచ్చింది, చిలపల బుట్టతో,
వడికిన డబ్బుల కోసం.
బ్యాంకువాళ్ల వేలిముద్ర మిషను తీశాను.
బొటనవేలు వద్దంది. చూపుడువేలు వద్దంది.
సబ్బుతో కడిగి, కొబ్బరినూనె రాసి,
చీరకి తుడిచి మళ్లీ పెట్టింది.
ఎర్ర దీపం.
"పోగులన్నీ ఈ ఏలు మీంచే ఎల్లిపోనాయి బావూ,
గీతలు కూడా ఆటెనకాలే ఎల్లిపోనాయి."

నేను లోయిస్ కార్డు తిరగేసి చూస్తున్నాను,
సంతకం పోల్చుకోవాలి, అది రూలు.
వెనక తెల్లపట్టీ మీద ఏమీ లేదు.
ఏ పర్సులో ఎన్నేళ్లు రాపాడిందో
నీలం మరకొకటి, అంతే.
అసిరమ్మ కూడా తొంగిచూసింది.
"ఈయమ్మదీ అరిగిపోనాదేటి?"

తర్జుమా చెయ్యమని లోయిస్ అడిగింది.
అరిగిపోవడానికి ఇంగ్లీషేమిటో
ఆ క్షణాన నాకు తట్టలేదు.
కార్డు మీద మరక చూపించాను,
అసిరమ్మ వేలు చూపించాను.
ఆవిడ ఆ వేలు పట్టుకుని
కళ్లజోడు నుదుటికి తోసి
చాలాసేపు చూసింది.
నేను అలా ఎప్పుడూ చూడలేదు.
పన్నెండేళ్లు.

దేన్ని దేంతో పోల్చను?
ఆవిడ మొహం చూసి కాగితం సొరుగులో వేశాను.
అసిరమ్మకి నా జేబులోంచి రెండొందలిచ్చి
మిగతాది రేపు చూద్దామన్నాను.
ఆ రేపు నాలుగు రోజులకి వచ్చింది,
ఎడమచేతి ఉంగరంవేలికి పచ్చ దీపం వెలిగింది.

మొన్న ఆడిట్‌కి కాగితాలు తీశాను.
మిషను అచ్చేసిందంతా వెలిసిపోయింది:
తేదీ లేదు, రూపాయలు లేవు, మా సంఘం పేరూ లేదు.
తెల్లటి కాగితం మీద
లోయిస్ సంతకం ఒక్కటే,
మా ఫిర్యాదుల పుస్తకం సిరాతో.

"ఇదేంటయ్యా, ఎంతకి?" అన్నాడు ఆడిటరు.
ఎంతకో రిజిస్టర్లో ఉంది సార్.
ఎవరిదో అంటే,
నేను చూశాను.