కంజు

వనపర్తి బస్టాండు ఎనక
జిరాక్స్ దుకాణం షట్టరు సగం దించి
ఆదివారం మేం ఐదుగురం.
తప్పువడ్డ నకళ్లే మాకు కాయితం.

కుర్మయ్య సారు కంజుపిట్టను మడిచిండు.
కత్తెర లేదు, జిగురు లేదు.
ఎట్ల చేసిండో గీసి ఇయ్యమంటే
"చేతులకు ఎరుక, నాకు కాదు" అన్నడు.

షాహీన్ దాన్ని ఇంటికి తీస్కపోయింది.
రాత్రంత కూసొని
ఒక్కొక్క మడత విప్పింది.

మల్ల ఆదివారం
ఉత్త కాయితం ముందల పెట్టి తలొంచుకున్నది.
ఎవరిదో పహాణీ నకలు,
దాని మీద అడ్డం నిలువు
కొత్త గెట్లు.

సారు ఏమనలే.
గీతల మీద వేలు నడిపిండు.
మెడకాడ ఆగిండు.
"ఈ మడత నాది కాదు గద?"

"నాదే సార్."

పిట్ట లేచింది.
ఈసారి మెడ వంచి
గెట్టు మీద గింజ ఏరుతున్నది.