అర మెట్టు

లోలుగు వీరంనాయుడు పోయిన రాత్రి
డెస్కు నుంచి మూడుసార్లు ఫోను.
"పెద్దాయన కదా, నాలుగు కాలాలు పంపు.
కిరీటంతో ఉన్న ఫొటో వెతుకు."
పంపాను.
ఆమదాలవలస గేటు దగ్గర లారీలు నిలిచిపోయాయని,
పూల వ్యాను మీద మైకులో ఆయన పద్యమే వేశారని,
మోసినవాళ్లలో సగం మంది
ఒకప్పుడు ఆయన పక్కన బల్లెం పట్టుకుని నిలబడ్డ భటులేనని.

సంతాప సభలో అందరిదీ ఒకటే మాట:
"డెబ్బై దాటినా చెక్కుచెదరని గొంతు!
అయిదు శృతిలో ఎత్తుకున్నాడు, అయిదులోనే దించాడు."
వెనక బెంచీలో పిసిని దాలయ్య
పంచె కొసతో కళ్లజోడు తుడుచుకుంటున్నాడు.
మైకు అటు వెళ్లలేదు.
హార్మణీ వాయించేవాడికి నోరుంటుందని
మాకెవరికీ తోచలేదు.

పదకొండో రోజు ఆయనా పోయాడు,
శ్రీకాకుళం పెద్దాసుపత్రి వరండాలో,
మంచం దొరికేలోపు.

"ఎవరూ?" అంది డెస్కు.
"అవార్డులేమైనా?"
లేవు.
"అయితే ఊళ్ల వార్తల్లో మూడు లైన్లు."

ఆ మూడు లైన్ల కోసం బూర్జ వెళ్లాను.
కోడలు నీలవేణి పెట్టె మీది దుప్పటి తీసింది.
దిగబడిపోయిన ఒక మెట్టు కింద
అగ్గిపుల్ల దోపి ఉంది.
పెట్టె వెనక, పాల లెక్కలు రాసుకునేలాంటి
పొడుగు పుస్తకం.

తేదీ, ఊరు, ముట్టిన డబ్బు, చివర ఒక అంకె.
ఎనభై నాలుగు, నరసన్నపేట, నూట పదహార్లు: అయిదు.
తొంభై మూడు, పొందూరు, మూడొందలు: నాలుగున్నర.
ఆ తర్వాత చాలా పేజీలు నాలుగు.
తిత్లీ తుపాను ఏడాది, మందస,
డబ్బులు ఇవ్వలేదు: రెండున్నర.

"అదా బావూ,
రాజుగోరి గొంతుకి వయసొచ్చేత్తంది,
ఆరికి తెల్నియ్యకూడదు అనీవోడు మా మాఁవ.
ఎవులూ సూడకుండా అర మెట్టు కిందికి దింపీసి
అయిదేనండి బాబూ అనీసి సెప్పీవోడు."

ముప్పై నాలుగేళ్లు
ఎక్కుతున్న మనిషికి తెలియకుండా
మెట్లు ఒక్కొక్కటే దించుకుంటూ వచ్చాడన్నమాట.

తెలియకుండా ఉంటుందా?
చిన్నప్పుడు తెర వెనక దూరి చూసేవాణ్ణి.
మీసం అంటించుకుంటూ నాయుడుగారు
ప్రతిసారీ అడిగేవాడు,
"అయిదే కదా, దాలీ?"
"అయిదే బాబూ."
అడగవలసిన అవసరం ఏముంది, నిజంగా తెలియకపోతే?

చివరి ఆట రాజాంలో.
ఆఖరి పద్యం, రాగం పైకి వెళ్లేచోట
గొంతు చిట్లింది. ఒక్క క్షణం.
ఆ క్షణంలోనే దాలయ్య తిత్తి నిండా లాగి
రెండు చేతులా మెట్లన్నీ నొక్కేశాడు.
పందిరి హోరెత్తిపోయింది.
"పెట్టె గోల తగ్గించవోయ్!" అని అరిచారు జనం.
"వన్స్ మోర్!" అనీ అరిచారు, నాయుడికి.
దాలయ్య లేచి, జనానికి దండం పెట్టి,
మళ్లీ కూర్చున్నాడు.

మర్నాటి పేపర్లో
"హార్మణీ సహకారం లోపించింది" అని రాసింది
నేనే.

ఆ ముక్క కత్తిరించి
పుస్తకం చివరి పేజీలో అన్నం మెతుకులతో అంటించి ఉంది.
రాజాం అన్న ఊరి పేరు ఉంది, రెండు వేలని ఉంది.
అంకె ఉండాల్సిన చోట ఏమీ లేదు.

నీలవేణి టీ తెచ్చింది. తాగాను.
నాలుగు కాలాల అబద్ధాన్ని దిద్దడానికి
నా దగ్గర మూడు లైన్లున్నాయి.
బస్సులో రాశాను, బస్టాండు నుంచి పంపాను:
పిసిని దాలయ్య, డెబ్బై ఎనిమిదేళ్లు, బూర్జ.
వీరంనాయుడు గారికి ముప్పై నాలుగేళ్లు హార్మణీ.
చివరిదాకా అయిదులోనే వాయించారు.

డెస్కు నుంచి ఫోను.
కొత్త కుర్రాడెవరో.
"అయిదేంటండీ? కరెక్టేనా?"

"అయిదే బాబూ," అన్నాను.