మార్కా

ఈవేళ ఆఖరి లాటు వెళ్లిపోయింది బాజీ.
ఏసీ రెండో గదిలో, అడుగు వరసలో
పది నెలలు చలికి బిగుసుకుని కూచున్న
ప్రత్తిపాడాయన తేజ టిక్కీలు,
నలభై రెండు.
ఒక్కోదాని మీదా నీ రాత:
నాలుగుకి తోక పొడుగ్గా,
ఏడుకి నడుం మీద అడ్డగీత.
గోనె మీద సిరా కారకుండా
బ్రష్షు ఎక్కడ ఎత్తేవాడివో
ఎవరికీ చెప్పకుండానే పోయావు.

పోయావు అంటున్నాను చూడు.
నువ్వు పోలేదు. పంపించాం.
స్టిక్కర్లు కొట్టే మిషను దిగిన వారానికే
లెక్క తేల్చి కవరు చేతికిచ్చారు.
ఆ లెక్క వేసింది నేనే.
పదకొండేళ్లు, ఏడాదికింతని,
పండగ అడ్వాన్సు రెండువేల ఐదొందలు మినహాయించి.
అది వదిలెయ్యమని సేటుతో ఒక్క మాట అనొచ్చు.
అప్పుడు తట్టలేదు.
తట్టిందేమో. నోరు రాలేదు.

తర్వాత ఎన్నిసార్లో ఫోన్లో నీ పేరు దాకా వెళ్లాను,
'బాజీ మార్కా' అనే ఉంది ఇంకా.
ఒకసారి నొక్కి, మోగకముందే కట్ చేశాను.
ఎలా ఉన్నావనాలా?
ఏం చేస్తున్నావనాలా?
మన ఊళ్లో ఆ రెండో ప్రశ్నకి
పని ఉన్నవాడి దగ్గరే జవాబుంటుంది.
రంజానుకి ఒక చందమామ బొమ్మ పంపాను.
నువ్వు దండం బొమ్మ పెట్టావు.
ఎనిమిది నెలల్లో మన మాటలు అవే.

ఈవేళ ముఠావాళ్లు ఆ టిక్కీలు లారీకెత్తుతుంటే
తాలు ఏరే ఆడవాళ్ల పక్కన నిలబడిపోయాను.
నీ అంకెలు వరసగా గేటు దాటాయి.
ఇక గోడౌన్లో నువ్వు రాసింది
గోడ మీది 'ఇచ్చట ఉమ్మరాదు' ఒక్కటే.
దాని మీద ఉమ్మే ఉంది.

ఇంటికి పోకుండా ఏటీఎం దగ్గర ఆగి,
మూడు వంతెనల కిందనుంచి
ఆనందపేటకి తిప్పాను బండి.
దారిలో పళ్లబండి దగ్గర నిలబడ్డాను, కొనలేదు,
ఆసుపత్రికి వెళ్తున్నట్టుంటుందని.
మీ వీధి మొదట్లో అడిగితే
"మార్కా బాజీయేనా?" అన్నాడు సోడాబండి కుర్రాడు.
ఎందుకో ప్రాణం లేచొచ్చింది.

తలుపు నువ్వే తీశావు.
గళ్లలుంగీ, గడ్డం కొంచెం తెల్లబడి.
నేనేదో అనబోయాను,
ఈలోపు నీకు తుమ్ము.
ఇంకోటి. ఇంకోటి.
మిరపగుట్టల మధ్య కూచుని క్యారేజీ విప్పినవాడివి,
కొత్తగా చేరిన పిల్లలు తుమ్మి చస్తుంటే
"నెల ఆగండ్రా, ముక్కు చచ్చిపోద్ది" అని నవ్వినవాడివి,
ఉత్త నా చొక్కాకే ఆగలేకపోయావు.
చచ్చిన ముక్కు
మళ్లీ బతికింది నీకు.
లోపల మీ చిన్నపిల్ల కూడా తుమ్మింది.
ఇద్దరం కళ్లు తుడుచుకున్నాం.
ఘాటు, అన్నావు.
ఘాటే, అన్నాను.

టీ వచ్చింది.
అడ్వాన్సు మాట ఎలా ఎత్తాలా అని
జేబు తడుముకుంటుంటే నువ్వే అడిగావు:
"ప్రత్తిపాడాయన లాటు కదిలిందా? రేటొచ్చిందా పాపం?"
ఈవేళే కదిలిందన్నాను.
"ఎన్ని?"
నలభై రెండు.
గ్లాసు కింద పెట్టేశావు.
"నలభై మూడు. నా చేత్తో రాశాను.
ఒకటి పైవరసలో కలిసిపోయుంటది, వెతికించు."

ఎనిమిది నెలలు పుస్తకాల్లో నాకు దొరకని తప్పు
మీ వసారాలో దొరికింది.
జేబులో డబ్బు జేబులోనే ఉండగా
బండి స్టార్ట్ చేశాను.
వెనకనుంచి కేకేశావు:
"రేపు చూసి, వచ్చి చెప్పు.
చొక్కా మార్చుకుని రా."