కాకిబంగారం

గూడూరు రైల్వే గేటు దాటాక
మస్తాన్ బాషా పాత ఇనుము కొట్టు.
పెళ్ళి వీడియోలు తీసేవాణ్ణి నేను,
లైటు స్టాండుకి ఓ బోల్టు కోసం వెళ్ళాను.

తూకం రాళ్ళ పక్కన ఏడు రేకు డబ్బాలు.
మూత తీస్తే పులిసిన గంజి వాసన.
"కంపెనీ గోడౌను ఖాళీ చేస్తా ఉంటే వచ్చినాయి అబ్బయా,
చుట్ట పారేసి డబ్బా తూకానికేద్దామనుకున్నా."
చుట్టని ఎండకి పట్టి చూశాను:
మనిషి లేడు, చెట్టు లేదు, అక్షరం లేదు.
గడి గడికీ ఓ తునక అతికించి ఉంది,
వేలితో తడిమితే గరుకు.
బాషా వంగి చూసి పెదవి విరిచాడు:
"కాకిబంగారం గదా ఇది. బరువు తూగదు."
డబ్బా మీద పెన్సిల్‌తో, పేరేం కాదు,
"రెండో గని, వానలప్పుడు" అని మాత్రం.

ఆరు చుట్టలు అట్టకట్టి రాయైపోయాయి.
ఒక్కటి విప్పుకుంది.

మూతబడ్డ హాల్లో ముప్పై ఏళ్ళు ఆపరేటరు పెంచలయ్య.
మంచం కింద చిన్న ప్రొజెక్టరు,
పొదిగే కోడిలా, చీరగుడ్డ కింద.
బల్బు నెల్లూరంతా తిరిగినా లేదు.
మద్రాసు నుంచి రైల్లో
గుడ్డులా ఒళ్ళో పెట్టుకొచ్చాను.

శనివారం రాత్రి, కొట్టు వెనక సున్నం గోడ.
ఇద్దరు ఆటోవాళ్ళు, టీకొట్టు కుర్రాడు,
నిమ్మకాయల మండీ హమాలీలు నలుగురు
ఖాళీ గోతాలు పరుచుకుని కూర్చున్నారు.

పొర.
పొర మీద పొర.
దాని కింద నీళ్ళాకుపచ్చ,
అందులోంచి ఊడొచ్చే ఇంకో పలచన,
ఒక గీత పుట్టి, వంకరపోయి, మునిగిపోయి.
మాట లేదు, పాట లేదు.
మిషను టకటక, అంతే.

రెండో నిమిషానికి "హీరో యాడబ్బా?" అన్నాడొకడు.
నాలుగో నిమిషానికి బీడీలకి లేచారు.
నాకూ ఏం అర్థం కాలేదు, ఒప్పుకుంటాను.
ఇరవై ఏళ్ళుగా నేను తీసినవన్నీ మొహాలే.
మొహం లేని చోట ఎక్కడ నిలబడాలో
నా కళ్ళకి తెలియలేదు.

అప్పుడు వెనక నుంచి చెంగమ్మ.
బాషా కొట్లో అట్టముక్కలు ఏరే మనిషి,
ఒకప్పుడు సైదాపురం దారిలో షెడ్డులో
వంకర కత్తితో రేకు చీల్చిన మనిషి.
"ఇది పైగని రేకు గాదు. నీళ్ళ అడుగుది.
అంచు చూడు, పొగచూరినట్టుండాది."
ఇంకాసేపటికి:
"ఆఁ, ఆ మచ్చ. ఆ మచ్చుంటే కూలి కోసేవోళ్ళు."
బొటనవేలూ చూపుడువేలూ కలిపి
గాల్లో ఒక పొర వలిచింది.
గోడ మీద సరిగ్గా అప్పుడే
ఒకటి విడిపోయింది.

హమాలీలు బీడీలు నలిపేసి వచ్చి కూర్చున్నారు.
ఊరి నుంచి వచ్చిన ఉత్తరం చదివించుకుంటున్నట్టు
అందరం ఆమె వైపు చెవులు పెట్టాం.

ఎవరు తీశారని అడిగాను.
"ఒకాయన వచ్చేవోడు. పొట్టోడు.
మా మొకాలు తియ్యయ్యా అంటే నవ్వి
చెత్తకుప్పలో తునకలు ఏరుకోని పొయ్యేవోడు.
పిచ్చోడనుకున్నాం."
ఆగింది.
"ఒకసారి జిగురుసీసా అడుక్కున్నాడు. నేనే ఇచ్చినా."

తొమ్మిదో నిమిషంలో ఫిల్ము ఇరుక్కుంది.
గోడ నడుమ గోధుమరంగు బుడగ లేచి,
పొంగి, చిల్లుపడి,
తెల్లగా అయిపోయింది అంతా.
జనం చప్పట్లు కొట్టారు,
అదీ ఆయన పనే అనుకుని.
చెయ్యి కాలిన పెంచలయ్య తిట్లు లంకించుకున్నాడు.
నేను సర్దిచెప్పలేదు.

మిగిలిన రెండు నిమిషాలు ఇంకా వెయ్యలేదు.
డబ్బా నా దగ్గరే ఉంది.

మొన్న మనుబోలులో ఓ పెళ్ళి.
తలంబ్రాలప్పుడు కెమెరా
పెళ్ళికూతురి మొహం మీంచి దానంతటదే జారి
పళ్ళెం అంచున ఆగింది.
పసుపు బియ్యం, ఒకదాని మీదొకటి,
తడి ఆరుతూ, అంటుకుని, విడిపోతూ,
చాలాసేపు.

పెళ్ళికొడుకు మేనమామ ఐదొందలు కోసుకున్నాడు.

చెంగమ్మకి చెప్పాను.
అట్టముక్క మడతపెడుతూ
"మాకు పావలా" అంది.