అక్కరలేని బెజ్జం

ఆ బెజ్జం నాది.
ఇప్పుడెవరూ అడగటం లేదు, అయినా చెబుతాను,
నాదే.

మోదెనా ఊరి చివర మా కార్ఖానా.
ఫిబ్రవరి పొగమంచు తలుపు సందుల్లోంచి దూరి
కటింగ్ నూనె వాసనలో కలిసిపోయే రాత్రులు.
వెనక చక్రాన్ని పట్టి ఉంచే అల్యూమినియం బిళ్ళకి
ఐదు బెజ్జాలు వెయ్యాలి.
నేను ఆరు వేశాను.
నిద్రలేక అనుకోండి,
ఆ సాయంత్రం ఆసుపత్రి మంచం మీద
ఎల్దా చెయ్యి వదిలించుకుని వచ్చినందుకు అనుకోండి.
తప్పు అచ్చులోనే పడింది. పన్నెండు బిళ్ళలూ తప్పే.
డ్రిల్లు దిగాక లోహం వెనక్కి రాదు.

పై అంతస్తు నుంచి ఇవానో దిగి వచ్చాడు,
చెవి మీద పెన్సిలు, మోచేతికి సిరా.
ఒక బిళ్ళని దీపం వైపు ఎత్తి
ఆరో బెజ్జంలోంచి నన్ను చూశాడు, ఒంటికన్నుతో.
"బలమేం తగ్గలేదులే.
బిళ్ళ మారనంటే కాగితాన్ని మారుద్దాం."
మెట్లెక్కి వెళ్ళి, కంపాస్ తిప్పి,
బొమ్మలో చిన్న సున్నా చుట్టాడు.
పక్కన ముత్యాల్లాంటి అక్షరాలు: వ్యాసం ఆరు.
తెల్లారేసరికి నా పొరపాటు
డిజైన్ అయి కూచుంది.

ఆగస్టు. బెల్జియం. వాన.
ఆకుపచ్చ జట్టు కారు మలుపులో జారి గోడకి కొట్టుకుంది.
క్రేను దాన్ని పైకి లేపింది,
కాళ్ళు పట్టి వేలాడదీసిన కోడిలా
పొట్టంతా బయటపెట్టుకుని, నీళ్ళు కారుతూ.
నేను కంచె ఇవతల, జేబులో చేతులు పెట్టుకుని.
చూశాను.
వాళ్ళ రంగు. వాళ్ళ బోల్టులు.
ఆరో బెజ్జం.
దొంగిలించిన అత్తిపండు మీద
మన పెరటి పిట్ట కొట్టిన గాటు.

పది రోజులు నోట్లో మేకు పెట్టుకున్న వడ్రంగిలా తిరిగాను.
మింగలేను, ఉమ్మలేను.
ఈలోగా ఇంకెవరో ఫోటో తీశారు.

పారిస్‌లో విచారణ. పొడుగు బల్ల, గాజు కూజాలు.
ఆకుపచ్చ వాళ్ళ ఇంజనీరు లేచి
ఇరవై నిమిషాలు ఆ బెజ్జం గుణగణాలు వర్ణించాడు:
గాలి ఆడుతుందట, వేడి తగ్గుతుందట,
అదురు అక్కడ చచ్చిపోతుందట.
రెండు శీతాకాలాలు పరిశోధించారట.
నా పొరపాటుకి ఇంత చదువుందని
నాకప్పుడే తెలిసింది.

తర్వాత నన్ను పిలిచారు.
"ఈ బెజ్జం దేనికి?"
"దేనికీ కాదు."
అనువాదకురాలు మళ్ళీ చెప్పమంది.
"దేనికీ కాదమ్మా. చెయ్యి తప్పింది."
గదిలో ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు.
మా యజమాని నా వైపు తిరిగిన తీరు
ఇప్పటికీ వీపు మీద ఉంది.

ఇవానో ఆఖరి వరసలో ఉన్నాడు,
నా పెళ్ళికి వేసుకొచ్చిన గోధుమరంగు కోటులో.
నాలుగొందల కాగితాలు, ఒక సూట్‌కేసు,
మిలాన్ స్టేషన్ కాఫీ బల్ల కింద చేతులు మారాయట.
ఎంతకో చదివారు. నేను వినలేదు.
అతను తల దించలేదు.
ఒక కన్ను మూసి
ఆ రాత్రిలాగే నన్ను చూశాడు.

ఆకుపచ్చ వాళ్ళు జరిమానా కట్టి మళ్ళీ వసంతానికి వచ్చేశారు,
కొత్త కారుతో.
పాడుచేసిన పన్నెండు బిళ్ళలకి
నా జీతంలో నాలుగు రోజులు కోశారు.
ఇవానో రెజ్జోలో నాగళ్ళ కంపెనీకి బొమ్మలు గీస్తున్నాడని విన్నాను.
వెళ్ళలేదు. రెండుసార్లు బస్సెక్కి దిగిపోయాను.

అమ్మే ముందు ఒక్క రబ్బరు ముక్కతో
ఆ సున్నా చెరిపేస్తే దొరికేవాడు కాదు.
మరిచిపోయాడా?
చెరిపితే ఆ రాత్రి నేను నేరస్థుణ్ణి అయిపోతానని
చెయ్యి ఆడలేదా?

ఒక బిళ్ళ నా దగ్గరే ఉంది, వంటింటి గోడకి.
ఎల్దా తాళంచెవులు తగిలిస్తుంది.
మేకు ఆరో బెజ్జంలోంచే దిగింది.