ఎముక లేని పట్టు

సముద్రం మాకు
కాజీపేటల రాత్రి రైలెక్కితే
తెల్లారి కనవడేంత దూరం.
అయినా గీ ల్యాబుల పిల్లలు
ఎనిమిది చేతుల జీవిని చెయ్యాలని కూసున్నరు.
నేను స్టోర్ రూమోన్ని.
సిలికాన్ డబ్బాలు లెక్క రాసుడు నా పని.
ఏ డబ్బా, బీ డబ్బా, రెండు సమానంగ కలపాలె,
ఒక్క బుడగ మిగిలినా చెయ్యి పగులుతది.

మండిబజార్ పిల్ల నుస్రత్
రాత్రంత ఆక్టోపస్ వీడియోలే చూస్తది.
గుమ్మడికాయంత ఒళ్ళు
సీసా మూతంత సందుల నుంచి జారిపోతది.
"దానికి తాళంచెవి అక్కర్లేదు చాచా,
ఒళ్ళే తాళంచెవి."

అచ్చు కుదరలే.
మూడుసార్లు పోసిరి, మూడుసార్లు చిరిగె.
ప్రింటర్ల తీసిన ప్లాస్టిక్ అచ్చుకు సన్నసన్న గీతలు,
గీత వెంబడే చీలిక.
గప్పుడు నేనే నోరు తెరిచిన:
పెంబర్తిల సోమాచారి ఉన్నడు,
ఇత్తడి మీద నెమలి కన్ను తెరిపించిన చెయ్యి.

వచ్చిండు. భుజం మీద సంచి, సంచిల సుత్తె.
చిరిగిన బొమ్మను అటు తిప్పిండు, ఇటు తిప్పిండు.
"ఎముక ఏది?"
లేదన్నం.
"మరి దేన్ని పట్టుకొని నిలవడ్తది?"
గాలిని, అన్నది నుస్రత్.
"గాలిని," అన్నడు తనల తనే.
చానాసేపటికి తన పని చెప్పిండు:
లక్క కరిగించి పలక మీద పోస్తం,
దాని మీద రేకు పరుస్తం.
సుత్తె పడేది రేకు మీద,
దెబ్బ తినేది లక్క.
కింద మెత్తగ లేకుంటే
పైన రేకు చిరుగుతది బిడ్డా.
నుస్రత్ గా మాటను నోట్‌బుక్‌ల రాసుకున్నది,
కుడి దిక్కు నుంచి ఎడమ దిక్కుకు.

ఇరువై రోజులు పట్టింది ఇత్తడి అచ్చుకు.
నలభై ఏండ్ల సుత్తె ఆయన వేళ్ళను బిగదీసింది.
కుడి చూపుడువేలు వంగదు.
ఛాయ్ గ్లాసును రెండు అరచేతుల నడుమ
దీపం పట్టుకున్నట్టు పట్టుకుంటడు.

ఆషాఢం ముసురుల
వడ్డెపల్లి చెరువుల వదిలినం.
తాడు లేదు, రిమోటు లేదు,
దారి అదే చూసుకోవాలె.
గుర్రపుడెక్క దుబ్బులల్ల
మనిషి కాలు చిక్కుతది, తెప్ప చిక్కుతది.
గిది చిక్కలే.
వేరు అడ్డమొస్తె వేరంత సన్నగైంది,
సందు దొరికితే సందంత అయింది.
గట్లనే పొయ్యి పొయ్యి
స్క్రీన్ మీద చుక్క ఆరిపోయింది.
చీకటిదాక గొడుగుల కింద నిలవడ్డం.
నుస్రత్ ఏడ్వలే,
బ్యాటరీ ఇంకెన్ని గంటలో వేళ్ళ మీద లెక్కవెట్టుకుంట.

తెల్లారి బెస్త సారయ్య బకెట్ పట్టుకొని గేటు కాడికి వచ్చిండు.
"వలల నాలుగు కొర్రమట్టలు, గిది ఒకటి.
అవి తోక కొట్టుకుంటాంటె
గిది వల కండ్లను ఒక్కొక్కటే తడిమి చూస్తాంది,
అల్లినోడు ఎవడో అన్నట్టు.
తక్కెట్ల పెడితె తక్కెడనే పట్టుకునె.
కిలోకు ఎంత చెప్పాలె సారూ?"

సోమాచారి గప్పుడే
మిగిలిన పైసల కోసం నా టేబుల్ కాడ ఉన్నడు,
వోచర్ మీద సంతకం సగం.
లేసి వచ్చి బకెట్ల చెయ్యి వెట్టిండు.
చల్లటి చెయ్యొకటి నిమ్మలంగ పైకొచ్చి
ఆ వంగని వేలునే చుట్టుకున్నది.
ఇంకోటి మణికట్టును.
వదిలించవోయింది నుస్రత్.
"ఉండనియ్యి," అన్నడు.
"ఇత్తడి ఎన్నడూ నన్ను తిరిగి పట్టుకోలే."

సారయ్య బీడీ ముట్టిచ్చుడు మరిచిండు.
కొర్రమట్టలు ఎగిరి నేల తడిపినయి.

లాగ్‌బుక్‌ల నా చేతిరాత ఉన్నది, చూడుండ్రి:
పట్టు వదిలింది పదకొండు నిమిషాలకు.
కారణం అన్న గడిల ఏం రాయాల్నో తెల్వక
ఖాళీగ విడిచిన.
సోమాచారి వేలును అంగికి తుడుసుకొని
ఛాయ్ అడిగిండు.
గ్లాసును
రెండు అరచేతుల్తోనే పట్టుకున్నడు.