మూడో చుక్క

గుజరాతీ గల్లీలో సెకండ్‌హ్యాండ్‌గా కొన్న ప్రొజెక్టరు.
లెన్సు మీద రింగు కాస్త బిగుసుకుని ఉంది.
కొబ్బరినూనె చుక్క వేద్దామంటే
మల్సూర్ మామ చెయ్యి పట్టుకున్నాడు:
"అద్దానికి నూనె తాకితే బొమ్మకు జరం వస్తది."

చిక్కడపల్లిలో, యూనియన్ ఆఫీసు పై అంతస్తులో
నెలకు రెండు శనివారాలు సినిమా.
తెర ఒక్కటే. పన్నెండు అడుగుల వెడల్పు,
ఎత్తు ఐదుకు రెండు వేళ్ళు ఎక్కువ.
వచ్చే సినిమాలకే ఒక్కోదానికి ఒక్కో ఒళ్ళు.
పాత నలుపు తెలుపుది మధ్యలో పీటలా కూర్చుంటుంది,
అటూ ఇటూ ఖాళీ వదిలి.
స్కోప్ బొమ్మ వచ్చిందంటే
ట్యాంక్‌బండ్ కట్టలా
ఈ కొస నుంచి ఆ కొసకు పరుచుకోవాల్సిందే.

రింగు తిప్పుతాను. బొమ్మ పెరుగుతుంది.
పెరుగుతూ పెరుగుతూ కిందికి జారుతుంది,
మసకబారుతుంది.
ప్రొజెక్టరు ముందరి కాలి కింద
నిరుటి మే డే కరపత్రాలు మడిచి పెడతాను.
మళ్ళీ ఫోకస్. మళ్ళీ కరపత్రం.
"వెలుగు తగ్గింది మామా."
"తగ్గలే. గంతే ఉన్నది.
నలుగురికి వండిన చారు పదిమందికి పోసినవ్."

స్కోప్‌కి పైన జానెడు, కింద జానెడు
నల్లపట్టీ తెర దాటి గోడ మీద పడుతుంది.
నలుపంటే ఏమీ లేకపోవడం అనుకునేదాన్ని.
కాదు, అదీ వెలుగే, కొంచెం సిగ్గుపడే వెలుగు.
అందులో సున్నం పెచ్చులు కనిపించాయి,
ఎప్పటిదో క్యాలెండర్ మేకు కనిపించింది,
యుద్ధం సీను మీదుగా తీరిగ్గా నడిచిపోయే బల్లి కనిపించింది.
బీడీల సుగుణమ్మ ఆ రోజు బల్లినే చూసింది, యుద్ధాన్ని కాదు.
మర్నాడు సుల్తాన్ బజార్ వెళ్ళి
ఆరు గజాల నల్ల మఖ్మల్ తెచ్చాను.

మామ ముప్పై ఒక్కేళ్ళు
కాచిగూడ గుల్‌నార్ టాకీసులో ఆపరేటరు.
ఇప్పుడక్కడ టైల్స్ గోదాము.
బూతు మరీ ఎత్తుగా ఉండేదట,
బొమ్మ కింద వెడల్పై గాగ్రాలా పడేదట.
గేటు ప్లేటును తనే ఆకురాయితో అరగదీశాడు,
వెంట్రుకంత అరగదీసి, పెట్టి చూసి,
మళ్ళీ వెంట్రుకంత,
తెల్లారేదాకా.
ఒకసారి కొత్త పిల్లవాడు వేరే ప్లేటు తొడిగితే
హీరోయిన్ ఏడుస్తుంటే నెత్తి మీద మైకు వేలాడిందట.
హాలంతా ఈలలు.
"ఆమె ఏడుపు గాలికి పోయింది" అంటాడు,
ఇప్పటికీ తప్పు తనదే అన్నట్టు.

రుబీనా తన నెయిల్ పాలిష్ సీసాలు రెండు ఇచ్చింది.
పీటకి ఎర్ర చుక్క.
స్కోప్‌కి ఆకుపచ్చ.
ఇక చీకట్లో వెతుక్కోనక్కర్లేదు.

చుక్క పెడుతుంటేనే కనిపించింది,
రెంటికీ మధ్య, దాదాపు చెరిగిపోయి,
ఇంకో చుక్క. తెల్లది.
మాది కాదు.
రింగు అక్కడ ఆపి చూశాం.
పీటకి పెద్ద, స్కోప్‌కి చిన్న,
మా తెర మీద ఎక్కడా అంచు కలవదు.
ఎవరింట్లోనో ఏ గోడకో సరిగ్గా కుదిరిన కొలత.
వాళ్ళు సోఫా ఎంత దూరం జరిపారో,
దుప్పటి కట్టారో, గోడకు సున్నమే వేశారో,
చివరికి ఎందుకు అమ్ముకున్నారో.
స్పిరిట్‌తో తుడవబోయాను.
"ఉండనీ. పాతిండ్ల గడప గది" అన్నాడు మామ.

నిన్న రాత్రి ముందు చిన్న పాత రీలు, తర్వాత స్కోప్.
ఎరుపు నుంచి ఆకుపచ్చకు తిప్పాలంటే
దాని మీదుగా పోక తప్పదు.
అర క్షణం
మా సినిమా వాళ్ళ గోడకు సరిపోతుంది.
ఇలియాస్ లైటు తీస్తుంటాడు, పిల్లలు కుర్చీలకు కొట్లాడుకుంటుంటారు,
ఎవరూ చూడరు.

బల్లి చూస్తుందేమో.